42 మీటర్ల లిఫ్ట్, గుండ్రటి లూప్: కింద 7.2 జీ వస్తోంది, ఎక్కడ తప్పు?

#1 పట్టాలపిచ్చి

నోలిమిట్స్ 2 అనే సిమ్యులేటర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక స్టీల్ రోలర్ కోస్టర్ గీస్తున్నాను. కొలతలు ఇవి: లిఫ్ట్ (చైను రైలును పైకి లాగే మొదటి ఎక్కుడు) ఎత్తు 42 మీటర్లు, మొదటి డ్రాప్ నేలకు 2 మీటర్ల దాకా, అంటే దిగేది 40 మీటర్లు. కింద వేగం సెకనుకు 27 మీటర్లు చూపిస్తోంది. డ్రాప్ అవ్వగానే లూప్, 12 మీటర్ల వ్యాసార్ధంతో అచ్చమైన వృత్తం. తర్వాత 90 డిగ్రీల బ్యాంకుతో (పట్టా పక్కకు ఒరిగి) ఒక మలుపు, 18 మీటర్ల క్యామెల్‌బ్యాక్ హిల్, చివర్లో 11 మీటర్ల హిల్, ఆపైన బ్రేకులు. రైలు పొడవు 15 మీటర్లు, 24 సీట్లు.

ఇబ్బందులు నాలుగు. లూప్ అడుగున 7.2 జీ (మామూలు బరువుకు 7.2 రెట్లు), పైన 1.2 జీ. మలుపులోకి వంగేచోట పక్కకు 2.5 జీ దాటుతోంది. ఘర్షణ విలువ కాస్త పెంచితే చివరి హిల్ ఎక్కలేక రైలు వెనక్కి జారుతోంది. మూడు రైళ్లు నడపాలని ఉంది, కానీ బ్లాకుల లెక్క కుదరడం లేదు. లూప్ పెద్దది చేస్తే మొదటి ఇబ్బంది పోతుందా?

#2 లూప్‌లెక్క

పోదు. వృత్తంగా ఉన్నంతసేపు అది పోయే జబ్బు కాదు.

మీ లెక్కే చూడండి. అడుగున వేగం 27. దాని వర్గం 729, వ్యాసార్ధం 12తో భాగిస్తే 60.75. అది 6.2 జీ. దానికి భూమి లాగే 1 జీ కలిపితే 7.2. పైకి 24 మీటర్లు ఎక్కేసరికి వేగం 16కి పడిపోతుంది, అక్కడ 2.2 జీలోంచి 1 తీసేస్తే 1.2. రెండింటికీ తేడా సరిగ్గా 6.

ఇప్పుడు వ్యాసార్ధం 15 చేయండి. అడుగున 5.95, పైన సున్నాకు కాస్త కింద. తేడా మళ్లీ 6. గుండ్రటి లూప్‌లో వేగం ఎంతైనా, సైజు ఎంతైనా (ఘర్షణ వదిలేస్తే) పైకీ కిందకీ ఈ 6 జీ తేడా చావదు. కింద తగ్గిద్దామంటే పైన జనం పట్టీలకు వేలాడతారు. పైన సర్దుదామంటే కింద మెడలు విరుగుతాయి.

అందుకే వ్యాసార్ధం మారుతూ పోవాలి. వేగం ఎక్కువున్న అడుగున పెద్దది, వేగం తగ్గే పైభాగంలో చిన్నది. మీ వేగానికి ఇలా మొదలుపెట్టండి: అడుగున 21 మీటర్లు, శిఖరం దగ్గర 9 మీటర్లు, మొత్తం ఎత్తు 28 మీటర్లు. అడుగున 4.5 జీ వస్తుంది. పైన వేగం సెకనుకు 13.4 మీటర్లు, అక్కడ సీటులో తెలిసేది 1 జీ. తలకిందులుగా ఉన్నా కుర్చీలో మామూలుగా కూర్చున్నట్టే ఉంటుంది.

ఇంకో మాట. నేరు పట్టా నుంచి ఒక్కసారిగా 21 మీటర్ల వంపులోకి దూకించకండి. మధ్యలో కనీసం 10 మీటర్ల జారుడు వంపు పెట్టండి. ఆ వేగంలో 10 మీటర్లంటే 0.37 సెకను, 1 జీ నుంచి 4.5కి చేరడానికి దొరికే సమయం అంతే. అది కూడా లేకపోతే జీ ఎంత అన్నది కాదు, ఎంత త్వరగా వచ్చింది అన్నదే నడుముకు తగులుతుంది.

#3 పాతపట్టా

గుండ్రటి లూప్ ఏం చేస్తుందో 1895లోనే తేలిపోయింది. న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లోని సీ లయన్ పార్కులో ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే అని ఒకటి పెట్టారు. 25 అడుగుల వ్యాసం, అచ్చమైన వృత్తం. మెడ నొప్పులతో దిగేవాళ్లు. 1901లో ఎడ్విన్ ప్రెస్కాట్ దీర్ఘవృత్తాకారంలో లూప్ కట్టాడు. నొప్పి తగ్గింది గానీ ఒక్కో బండిలో నలుగురే పట్టేవాళ్లు. ఎక్కేవాళ్లకన్నా నిలబడి చూసేవాళ్లే ఎక్కువైతే గిట్టుబాటు ఎక్కడ?

ఆ తర్వాత నిలువు లూప్ మళ్లీ సరిగ్గా నిలబడింది 1976లో, కాలిఫోర్నియా మ్యాజిక్ మౌంటెన్‌లోని రెవల్యూషన్‌తో. కట్టింది ఆంటన్ ష్వార్జ్‌కాఫ్, లెక్కలు వెర్నర్ స్టెంగెల్‌వి. అక్కడ వాడింది క్లోథాయిడ్, అంటే పొడవు పెరిగేకొద్దీ వంపు అదే నిష్పత్తిలో బిగుసుకునే వక్రం. రోడ్ల మలుపుల్లో, రైలుమార్గాల్లో ముందునుంచీ ఉన్నదే.

#4 కొలతబద్ద

చిన్న సవరణ. ఇప్పటి లూపులన్నిటినీ క్లోథాయిడ్ అనడం అలవాటైపోయింది గానీ చాలావాటిలో శుద్ధ క్లోథాయిడ్ ఉండదు. ముందు ప్రయాణికుడికి ఏ క్షణాన ఎంత జీ కావాలో రాసుకుని, దాన్నుంచి వంపును వెనక్కి లెక్కకడతారు. ఫోర్స్ వెక్టర్ డిజైన్ అనేది అదే. పట్టాలపిచ్చి గారు ముందు ఆకారం గీసి, తర్వాత జీ చూస్తున్నారు. అది తిరగేయాలి. అడుగున 4.5, పక్క గోడ ఎక్కేటప్పుడు మెల్లగా తగ్గుతూ, పైన 1 అని పెడితే ఆకారం దానంతటదే నీటిబొట్టులా వస్తుంది. లూప్‌లెక్క గారు చెప్పిన 21, 9, 28 అంకెలు కూడా అలా చేస్తే దాదాపు అక్కడికే వస్తాయి, చేసి చూశాను.

గరిష్ఠ అంకె ఒక్కటే చూసి సంతోషపడకండి. అమెరికాలో వాడే ఏఎస్‌టీఎం ఎఫ్2291 గానీ, యూరప్ ఈఎన్ 13814 గానీ, ఈ భద్రతా ప్రమాణాలు హద్దును ఒక్క అంకెగా ఇవ్వవు, ఎంతసేపు అన్నదాన్ని బట్టి ఇస్తాయి. అర సెకను తట్టుకునేది నాలుగు సెకన్లు తట్టుకోలేరు. లూప్ అయిన వెంటనే బిగుతైన హెలిక్స్ (సుడిలా చుట్టే మలుపు) పెట్టేవాళ్లు ఈ ముక్క మర్చిపోతారు. రెండూ విడివిడిగా హద్దులోనే ఉంటాయి, కలిపితే కళ్లు మసకబారతాయి.

#5 వెనకసీటు

వేగమే ఎక్కువైనప్పుడు డ్రాప్ చివర ట్రిమ్ బ్రేకు (వేగం కాస్త తగ్గించేది) పెట్టి 27ని 24 చేస్తే సరిపోదా? లూప్ మార్చే పని తప్పుతుంది.

#6 లూప్‌లెక్క

@వెనకసీటు 27 నుంచి 24కి అంటే వర్గాల్లో 729 నుంచి 576కి. ఆ తేడా దాదాపు 8 మీటర్ల ఎత్తుకు సమానం. చైనుతో 8 మీటర్లు ఎక్కించి, ఆ శక్తిని బ్రేకు రేకుల్లో వేడిగా పారబోసినట్టు. ఆయనకు చివరి హిల్ ఇప్పటికే అందడం లేదు. పైగా వృత్తం వృత్తంగానే ఉంటుంది: 576ని 12తో భాగిస్తే అడుగున ఇంకా 5.9, పైన సున్నాకు కింద.

#7 గుండెగీత

రెండో ఇబ్బంది సంగతి. మీ మలుపులో పట్టా దేని చుట్టూ తిరుగుతోందో చూడండి. రెండు పైపుల నడుమ గీత చుట్టూ తిప్పినట్టున్నారు. ప్రయాణికుడి ఛాతీ పట్టాకు దాదాపు 1.1 మీటర్ల పైన ఉంటుంది. 90 డిగ్రీలు వంగేసరికి ఆ ఛాతీ 1.1 మీటర్లు పక్కకీ, 1.1 మీటర్లు కిందకీ వెళ్లాలి. మీరు ఆ వంపు 10 మీటర్ల పట్టాలో పూర్తిచేశారనుకుందాం. 25 వేగంలో అది 0.4 సెకను. 0.4 సెకనులో 1.1 మీటర్లు పక్కకు విసిరి మళ్లీ ఆపాలంటే, సగం సేపు తోసి సగం సేపు పట్టుకున్నా, 2.8 జీ పడుతుంది. మీకు కనబడే అంకె అదే. తల ఛాతీకన్నా పైన ఉంటుంది కాబట్టి దానికి ఇంకా ఎక్కువ, చెవి భుజం పట్టీకి కొట్టుకునేది అక్కడే.

మందు: తిరుగుడు ఇరుసును పట్టా నుంచి పైకి, గుండె ఎత్తుకు జరపండి. దీన్నే హార్ట్‌లైన్ అంటారు. అప్పుడు ఛాతీ ఉన్నచోటే తిరుగుతుంది, దాని చుట్టూ పట్టా పక్కకి జరుగుతుంది. బయటి నుంచి చూస్తే పట్టా పాములా అటూఇటూ ఊగినట్టు వికారంగా ఉంటుంది. అలా కనిపిస్తేనే సరిగ్గా చేసినట్టు.

#8 కొలతబద్ద

హార్ట్‌లైన్ పెట్టినా తిప్పే వేగం చూసుకోండి. 90 డిగ్రీలు 0.4 సెకనులో అంటే సెకనుకు 225 డిగ్రీలు, అది కూడా సగటున. దాన్ని 20 మీటర్లకు సాగదీయండి. మొదలూ చివరా మెత్తగా ఉండాలి, మధ్యలోనే గట్టిగా తిరగాలి.

#9 వెనకసీటు

క్యామెల్‌బ్యాక్ సంగతి ఎవరూ ఎత్తలేదు. 18 మీటర్ల దానికి వ్యాసార్ధం ఎంత ఉండాలి? ఇంకా, ముందు వరుస మంచిదా వెనక వరుస మంచిదా అనే పాత తగాదా ఈ హిల్ మీద ఎలా తేలుతుంది?

#10 లూప్‌లెక్క

లూపూ మలుపూ తినేశాక హిల్ మొదట్లో వేగం 25 అనుకుందాం. 18 మీటర్లు ఎక్కేసరికి 16.5. శిఖరం దగ్గర వ్యాసార్ధం 28 పెడితే సున్నా జీ, ఒడిలో పెట్టుకున్నది గాలిలో తేలే రకం. 21 పెడితే మైనస్ 0.3, సీటు నుంచి లేపి ఒడి మీది లాప్ బార్‌కు ఆనిస్తుంది. శిఖరాన్ని వృత్తఖండంలా కాకుండా పారాబోలాలా గీస్తే ఆ తేలడం ఒక్క క్షణం కాకుండా హిల్ పొడుగునా ఉంటుంది.

ఇక సీట్ల తగాదా. రైలు 15 మీటర్లు, అంతా ఒకే వేగంతో కదులుతుంది. రైలు నడిమి భాగం శిఖరం మీద ఉన్నప్పుడు దాని బరువు కేంద్రం అన్నిటికన్నా ఎత్తులో ఉంటుంది, వేగం అన్నిటికన్నా తక్కువ. ముందు వరుస శిఖరం దాటేటప్పుడు మిగతా రైలంతా ఇంకా వెనక పల్లంలో ఉంది. చివరి వరుస దాటేటప్పుడు మిగతాదంతా ముందు పల్లంలో ఉంది. రెండు సందర్భాల్లోనూ బరువు కేంద్రం సుమారు 1.3 మీటర్లు కింద ఉంటుంది కాబట్టి వేగం 16.5 కాదు, 17.3. దాంతో మధ్య వరుసకు మైనస్ 0.3 ఉన్నచోట రెండు చివర్లకూ మైనస్ 0.45.

కాబట్టి మామూలు హిల్ శిఖరం మీద ముందూ వెనకా ఒకటే, పాపం మధ్యవాళ్లకే తక్కువ. తేడా అనుభూతిలో ఉంటుంది: ముందువాళ్లను ఎక్కుతూ ఉండగా లేపుతుంది, వెనకవాళ్లను దిగుతూ ఉండగా లాగుతుంది.

లిఫ్ట్ హిల్ మాత్రం వేరు. అక్కడ చైను సెకనుకు 2.5 మీటర్లతో పట్టుకుని ఉంటుంది. ముందు వరుస నింపాదిగా అంచు దాటి కిందకి చూస్తూ వేలాడుతుంది. బరువు కేంద్రం దాటాక రైలు చైనును వదిలి పరుగెత్తుతుంది, చివరి వరుస అంచు దాటేసరికి వేగం పుంజుకుని ఉంటుంది. వెనకసీటు పేరు పెట్టుకున్నవాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదనుకోండి.

#11 పాతపట్టా

మైనస్ జీ అనేది చక్రాల వల్లే సాధ్యమైంది. పెన్సిల్వేనియా ఆల్టూనాలో 1902 నాటి లీప్ ద డిప్స్ ఉంది, ఇప్పటికీ నిలిచి ఉన్నవాటిలో అదే పాతది. దానికి పైచక్రాలు, పక్క చక్రాలు తప్ప కింద పట్టుకునే చక్రాలు లేవు. గట్టిగా లేపితే బండి పట్టా మీద నుంచి ఎగిరిపోతుంది. పట్టా కిందినుంచి పట్టుకునే చక్రానికి జాన్ మిల్లర్ 1919లో పేటెంట్ పొందాడు. ఆ తర్వాతే డ్రాపులు నిటారుగా మారాయి.

#12 గ్రీజుడబ్బా

మూడో ఇబ్బంది, చివరి హిల్ మీద ఆగిపోవడం. దీన్ని సాఫ్ట్‌వేర్ లోపం అనుకోకండి, నిజం రైళ్లూ ఇలాగే లోయలో ఇరుక్కుంటాయి.

11 మీటర్ల హిల్ శిఖరం మీద వేగం సెకనుకు 5 మీటర్లు ఉందనుకోండి. చాలు కదా అనిపిస్తుంది. 5 వర్గం 25, దాన్ని 19.62తో భాగిస్తే 1.27 మీటర్లు. అంటే దారి మొత్తంలో ఇంకో 1.27 మీటర్ల ఎత్తుకు సమానమైన శక్తి పోతే రైలు ఆ శిఖరం దాటదు. 40 మీటర్ల డ్రాప్ మీద అది 3 శాతం. ఒక చల్లటి ఉదయం చాలు దాన్ని తినేయడానికి.

ఏమేం తింటాయంటే:

బేరింగుల్లో గ్రీజు చల్లగా ఉంటే చిక్కబడుతుంది. అందుకే పొద్దున మొదటి రౌండ్లు నెమ్మది, మధ్యాహ్నానికి అదే రైలు గట్టిగా పరుగెడుతుంది.

చక్రం తొడుగు. పాలీయురేథేన్ మెత్తగా ఉండి అదురు మింగుతుంది, చప్పుడు తక్కువ, కానీ నొక్కుకుని లేచే ప్రతిసారీ శక్తి పోతుంది. నైలాన్ గట్టిది, వేగంగా దొర్లుతుంది, చప్పుడూ అదురూ ఎక్కువ. కొన్ని పార్కులు ఒకే బండికి రెండూ కలిపి వేసి వేగం సర్దుకుంటాయి. రాత్రంతా ఒకేచోట నిలిపిన రైలు పాలీయురేథేన్ చక్రాలు ఆనినచోట కాస్త చదునవుతాయి, మొదటి రౌండులో టకటక కొట్టుకుంటాయి. దొర్లి వేడెక్కితే సర్దుకుంటుంది, సర్దుకోకపోతే ఆ చక్రం విప్పాల్సిందే. తొడుగు ఇనుప హబ్ నుంచి ఊడిరావడం మొదలైందా అని అంచు చుట్టూ వేలుగోరు ఆనించి చూస్తారు.

బరువు. ఖాళీ రైలుకూ నిండు రైలుకూ ముందు తగిలే గాలి ఇంచుమించు ఒకటే, కానీ ఖాళీదానికి దాన్ని చీల్చుకుపోయే బరువు తక్కువ. అందుకే పరీక్షల్లో సీట్లలో నీళ్లు నింపిన బొమ్మల్ని కూర్చోబెడతారు, అవి లేకుండానూ నడుపుతారు. ఎదురుగాలి రోజు ఖాళీ రైలు పంపకపోవడానికి కారణం ఇదే.

మీరు రెండు సార్లు నడపండి: అత్యధిక ఘర్షణతో ఖాళీ రైలు, అత్యల్ప ఘర్షణతో నిండు రైలు. మొదటిది ప్రతి శిఖరాన్నీ దాటాలి. రెండోది ఎక్కడా జీ హద్దు మీరకూడదు. రెండూ కుదరకపోతే హిల్ తగ్గించండి. 11ని 9 చేస్తే అదే శిఖరం మీద 5 కాస్తా 8 అవుతుంది. ఎయిర్‌టైమ్ (సీటు నుంచి తేలే క్షణాలు) పోతుందని భయం వద్దు, వేగం పెరిగింది కాబట్టి అదే మైనస్ జీకి వ్యాసార్ధం పెంచుకోవచ్చు.

#13 పట్టాలపిచ్చి

11 మీటర్ల దాన్ని 9 చేశాను, ఖాళీ రైలు దాటింది. ఒకవేళ ఇరుక్కుపోతే దించేది ఎలా? లాంచ్ కోస్టర్లలో (చైను లిఫ్ట్ బదులు మొదట్లోనే వేగంగా విసిరేవాటిలో) వెనక్కి వచ్చేస్తుంది కదా.

#14 గ్రీజుడబ్బా

లోయలో ఇరుక్కుంటే సులువు దారి లేదు. జనాన్ని ఒక్కొక్కరినే నిచ్చెనతోనో లిఫ్ట్ బండితోనో దించాలి, తర్వాత వించితో తాడు కట్టి లాగడం, కాదంటే క్రేనుతో బోగీలు విడదీసి ఎత్తడం. రోజులు పడుతుంది.

లాంచ్ రకం ముందే ఆ లెక్కతో కడతారు. న్యూజెర్సీలోని కింగ్డా కా అనే లాంచ్ కోస్టర్ 3.5 సెకన్లలో గంటకు 206 కిలోమీటర్ల వేగం అందుకునేది. ఆ వేగం కాగితం మీద 167 మీటర్లు ఎక్కిస్తుంది, టవర్ 139. ఆ 28 మీటర్ల తేడాను గాలీ చక్రాలూ తినేవి, పైన దాటడానికి కాస్తే మిగిలేది. ఎదురుగాలి తగిలిన రోజు అది కూడా మిగలక వెనక్కి వచ్చేసేది. అందుకే లాంచ్ పట్టా వెంట బ్రేకు రేకులు ఉండేవి. రైలు వెళ్లేటప్పుడు కిందకి దిగి, వెళ్లగానే పైకి లేచి నిలబడేవి.

#15 బ్లాకుబ్రేకు

నాలుగోదానికి వస్తాను. బ్లాకు అంటే చివర్లో రైలును కచ్చితంగా ఆపగలిగే చోటు ఉన్న పట్టా ముక్క. ఒక బ్లాకులో ఒకే రైలు. ఎప్పుడూ ఒక బ్లాకు ఖాళీగా ఉండాలి, లేకపోతే ఎవరూ కదలలేరు. కాబట్టి రైళ్ల సంఖ్య బ్లాకుల కంటే కనీసం ఒకటి తక్కువ.

మీకు స్టేషన్, లిఫ్ట్, చివరి బ్రేకు, అంతే. మూడు బ్లాకులు, రెండు రైళ్లు. మూడో రైలు కావాలంటే క్యామెల్‌బ్యాక్ ముందో తర్వాతో మధ్య బ్రేకు పెట్టాలి. అక్కడ ఆగిన రైలు మళ్లీ తన బరువుతో కదిలి మిగతా దారి పూర్తిచేయాలి కాబట్టి ఆ బ్రేకు ఎత్తులో ఉండాలి. మీ 9 మీటర్ల హిల్‌ను సున్నా వేగం నుంచి దాటించాలంటే బ్రేకు కనీసం 12 మీటర్ల ఎత్తున ఉండాలనుకోండి. మీ డిజైన్‌లో అంత ఎత్తు మిగిలిందా?

అసలు మూడో రైలు అవసరమా అన్నది ముందు చూడండి. లిఫ్ట్ వాలు 30 డిగ్రీలైతే పొడవు 80 మీటర్లు, 2.5 వేగంతో 32 సెకన్లు. దారి 45 సెకన్లు. బయల్దేరడం, బ్రేకు నుంచి స్టేషన్‌లోకి రావడం కలిపి ఇంకో 15. ఎక్కడం, దిగడం, పట్టీలు చూడటం 55. మొత్తం 147 సెకన్లు. రెండు రైళ్లు పంచుకుంటే 73 సెకన్లకొకటి. కానీ స్టేషన్‌లో ఒక రైలు 55 సెకన్లు ఉండి, అది వెళ్లి ఇంకోటి వచ్చి నిలబడేందుకు 20 పడితే స్టేషన్ ఒక్కటే 75 అడుగుతోంది. మీరు మూడో రైలు కొన్నా అది చివరి బ్రేకు మీద కూర్చుని ఎదురుచూస్తుంది. ఎండలో కూర్చున్న జనం తిట్టుకుంటారు, గంటకు ఒక్క మనిషి కూడా పెరగడు.

75 సెకన్లకొకటి అంటే గంటకు 48 రైళ్లు, 1152 మంది. పట్టీలు చూడటంలో 15 సెకన్లు జాప్యమైతే 40 రైళ్లు, 960 మంది. 192 మంది పోయేది అక్కడే. సంచులు పెట్టుకునే అరలు ఎదురు ప్లాట్‌ఫారం మీద ఉండటం, ఎక్కే గేట్లు ముందే వరుసలవారీగా నింపి ఉంచడం, ఇవి మూడో రైలుకన్నా చవక.

#16 వెనకసీటు

చివరి బ్రేకుల్లో అయస్కాంతాలు పెడితే కరెంటు పోయినా పనిచేస్తాయంటారు. మరి పక్కన గాలి బ్రేకులు ఎందుకు?

#17 బ్లాకుబ్రేకు

అయస్కాంతం ఆపలేదు, నెమ్మదింపజేస్తుంది. బండి కింద లోహపు రేకు అయస్కాంతాల నడుమ దూసుకెళ్తే అందులో సుడి ప్రవాహాలు పుడతాయి, అవి ఎదురు లాగుతాయి. కదలిక ఉంటేనే ఆ ప్రవాహం. వేగం సున్నాకు దగ్గరయ్యేకొద్దీ పట్టు కూడా సున్నా అవుతుంది, వాలు మీద ఉంటే రైలు పాకుతూనే ఉంటుంది. బ్లాకు అంటే కచ్చితంగా ఆగాలి అన్నాం కదా, అందుకే చివర్లో ఘర్షణ బ్రేకు తప్పదు. అదీ తిరగేసి కడతారు: స్ప్రింగు బిగిస్తుంది, గాలి వదులు చేస్తుంది. గొట్టం పగిలితే బ్రేకు పడుతుంది.

#18 చైనుచప్పుడు

దానికి అన్నదమ్ముడే లిఫ్ట్ మీది టకటక. బండి కింద ఉన్న కొక్కెం పట్టా పక్క పళ్ల మీద ఎక్కి పడే చప్పుడది. చైను తెగితే రైలు ఆ పంటికి ఆనుకుని నిలబడుతుంది. జనం దాన్ని చైను చప్పుడు అనుకుంటారు. కొత్త కోస్టర్లు కొన్నిటిలో రైలు ముందుకు కదులుతున్నంతసేపు ఆ కొక్కేన్ని పైకెత్తి పట్టుకునే ఏర్పాటు ఉంటుంది, అందుకే నిశ్శబ్దం. నాకైతే ఆ టకటక లేని లిఫ్ట్ ఉప్పులేని కూర.

#19 పట్టాలపిచ్చి

మార్చినవి: లూప్ 28 మీటర్లు, అడుగున 4.4, పైన 1.1. హార్ట్‌లైన్ 1.1 మీటర్లు, వంపు 20 మీటర్లకు సాగదీశాను, పక్క జీ 0.4కి దిగింది. క్యామెల్‌బ్యాక్ శిఖరం 21. చివరి హిల్ 9. రెండు రైళ్లు చాలు, మధ్య బ్రేకు పెట్టడం లేదు. చూడటానికి బాగుంటుందని క్యామెల్‌బ్యాక్ దిగే పట్టాను లూప్ మధ్యలోంచి పోనిచ్చాను.

#20 కొలతబద్ద

ఆ చివరి ముక్క దగ్గర ఆగండి. లూప్ పెద్దదైంది, మలుపు పక్కకి జరిగింది, హార్ట్‌లైన్ వల్ల పట్టా ఇంకాస్త జరిగింది. పాత డిజైన్‌లో ఉన్న ఎడం ఇప్పుడు ఉండదు. సీటులో పట్టీ బిగించి కూర్చున్న పొడవాటి మనిషి రెండు చేతులూ, కాళ్లూ అన్నివైపులా చాచితే ఎంత దూరం అందుతాయో, దాని మీద ఇంకొంత జాగా కలిపి, రైలు చుట్టూ ఒక గొట్టంలా గీయండి. లూప్ పైపులు, వాటి స్తంభాలు, ఎదురు పట్టా, నిర్వహణ మెట్లు, ఏవీ ఆ గొట్టంలోకి రాకూడదు. నిజంగా కట్టేటప్పుడు అదే ఆకారంలో చట్రం చేసి బండికి బిగించి, మొదటిసారి నెమ్మదిగా దారంతా లాగి చూస్తారు.

స్తంభాలు ఇంకా పెట్టలేదు కదా? లూప్ ఎడమ కాలు దగ్గర స్క్రీన్‌షాట్ పై నుంచి తీసి పెట్టండి, అక్కడే తగులుతుందని నా అనుమానం.